ఆరేళ్ల రంగు

ఆస్పత్రి గోడ గీకుతున్నాం, నేనూ నాబోరూ.
వాడికి పంతొమ్మిది. నాకు అరవై నాలుగు.
బద్ద కింద నీలం రాలింది,
నీలం కింద చిలకపచ్చ,
దాని కింద ఎండిన మిరపకాయ ఎరుపు,
ఆ కింద మళ్లీ పచ్చే, కాస్త ముదురు.
"ఎంతమంది, మావా?" అన్నాడు వాడు.
పూతల్ని కాదు, గవర్నర్లని అడిగాడు.

ఏడుగురు, నా చేతి మీదుగా.
ముందటివాళ్లు సున్నం కాలం మనుషులు,
అందరూ ఒకే తెలుపు, లెక్కకు దొరకరు.
గోడలకు చెవులుంటాయంటారు.
మా ఊళ్లో వాటికి చర్మం ఉంది.
ఆరేళ్లకోసారి కుబుసం విడుస్తాయి.

మెక్సికోలో ఈ ఒక్క చట్టం మాత్రం
పిల్లాడికైనా అర్థమవుతుంది:
ఆరేళ్లు. ఒక్కసారి. అంతే.
ఆ తర్వాత ఆ మనిషి ఆ కుర్చీని
బతికున్నన్నాళ్లూ ముట్టకూడదు.
ఈ మాట చెప్పేటప్పుడు మా తాత టోపీ తీసేవాడు.
దిగనంటే దిగనన్న ముసలాణ్ణి దించడానికి
ఆయన అన్నలిద్దరూ రైలు పైకప్పెక్కి వెళ్లారు.
రైలు తిరిగొచ్చింది.

ఐదోవాడొక్కడే నాకు మనిషిగా గుర్తు.
చివరి వారంలో వంతెన చూడ్డానికొచ్చాడు.
ఫలకం మీద ఆయన పేరు దిద్దుతున్నాను.
కాపలావాళ్లు వద్దంటున్నా నిచ్చెన పట్టుకున్నాడు.
"ఎన్నాళ్లుంటుందయ్యా ఈ రంగు?"
"ఎండ వైపు మూడేళ్లండి.
నీడ వైపు మీ పదవంత."
నవ్వాడు. నవ్వు సగంలో ఆపి
"ఇంకొక్క పూత వెయ్యి" అన్నాడు.
వేశాను.

రెండేళ్లకు మందుల షాపు వరసలో నా ముందున్నాడు,
చీటీ దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి.
కౌంటర్లో పిల్ల పేరడిగింది. చెప్పాడు.
"ఇంటిపేరు ఎలా రాస్తారు?" అంది.
అక్షరం అక్షరం చెప్పాడు.
ఆ అక్షరాలు నా వేళ్లకు తెలుసు.
నేను నేల చూశాను.

సరే, మనిషి దిగుతాడు. మంచిదే.
కానీ నాబోర్, ఈ డబ్బా తిప్పి చూడు.
ఏ రంగైనా మూత మీద ఒకటే పేరు:
ఫుల్హెన్సియో, తర్వాత అతని కొడుకు,
ఇప్పుడు కొడుకు బామ్మర్ది.
నీలం వాళ్లకీ వీళ్లే, పచ్చ వాళ్లకీ వీళ్లే.
ఓట్లు లెక్కపెట్టకముందే గోదాంలో రంగు కలిపి ఉంటుంది.
డబ్బాకు గడువు రాయాలని
ఏ రాజ్యాంగానికీ తోచలేదు.

ఇంకో గడువు చెప్పనా?
మా ఆవిడ క్రెసెన్సియా ఈ ఆస్పత్రిలోనే నర్సు.
ఆమె కాగితం మీద మూడు నెలలు.
మూడు నెలలకో సంతకం, మళ్లీ మూడు నెలలు,
అలా ఇరవై రెండేళ్లు.
ఆమెను దించేవాడు లేడు, కూర్చోబెట్టేవాడూ లేడు.
నిలబడే ఉంది.
ఊళ్లో సగం మంది భుజాల మీద టీకా మచ్చ
ఆమె చేతిదే.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ కొత్త రంగు తెచ్చాడు:
ముదురు వంకాయ, మెరుపు ఎక్కువ, పలచన.
పొద్దు వాలేసరికి మూడు గోడలు అయ్యాయి.
టీకా గది తలుపు పక్కకొచ్చేసరికి
కుర్రాడి బ్రష్షు పట్టుకుని ఆపాను.
అక్కడో మూరెడు వెడల్పు పాత సున్నం,
దాని మీద పెన్సిలు గీతలు, ముద్దముద్దగా పేర్లు:
హసింతా, రెండేళ్లు. తోమాస్, నాలుగు. మళ్లీ తోమాస్.
మోకాలంత ఎత్తున ఒకటి: నాబోర్, ఏడాదిన్నర.
వాడు వంగి చూశాడు. ఏమీ అనలేదు.

"ఇదెందుకు వదిలేశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.
చెమ్మండీ, అన్నాను.
ఇక్కడ రంగు పట్టదు.
ఏడుగురికీ ఇదే చెప్పాను.